ఓక్ చెట్టు మీది మంచె

రుచిత నిచ్చెన చివరి మెట్టు మీద కాలు మోపి, కూర్చునే పలకను పట్టుకుని పైకి లేవబోతుండగా మంచె మొత్తం కుడివైపుకు జరిగింది. ఎంతో కాదు, జానెడు. కానీ నేల మీద జానెడు వేరు, రెండు నిలువుల ఎత్తున జానెడు వేరు. ఆమె రెండు చేతులతో ఓక్ మానును కావలించుకుంది. బెరడు చెంపను గీరింది. ఇనుప నిచ్చెన చెట్టుకు రాసుకుంటూ కిర్రుమని ఆగింది.

రైఫిల్ ఇంకా కిందే ఉంది, తూటాలు తీసేసి, తాడు కొసకు కట్టి. మనిషి ఎక్కి కూర్చుని, నడుము బెల్టు చెట్టుకు తగిలించుకున్నాకే తుపాకీని పైకి లాగాలి. మల్లికార్జున అంకుల్ నేర్పిన మొదటి పాఠం అది. ఆ పాఠానికి మనసులోనే దండం పెట్టుకుని, ఊపిరి సర్దుకున్నాక, ఆమె పై పట్టీని చేత్తో తడిమి చూసింది.

మంచెను చెట్టుకు పట్టి ఉంచేవి రెండే పట్టీలు. నిచ్చెన నడుముకు ఒకటి, పలక కింద ఒకటి. లారీల మీద సరుకు కట్టడానికి వాడే వెడల్పాటి పట్టీలవి. ఇనుప పిడిని టకటకా ఆడిస్తే పట్టీ చుట్టుకుంటూ బిగుసుకుంటుంది. పోయిన వారమే పై పట్టీని ఆమె స్వయంగా బిగించింది. వేలితో మీటితే తీగలా మోగింది కూడా. ఇప్పుడు పిడి మూసే ఉంది, పట్టీ చెక్కుచెదరలేదు, కానీ పట్టీకీ మానుకూ మధ్య ఆమె అరచెయ్యి సులువుగా దూరింది.

తెగలేదు, చిరగలేదు. ఎవరో పిడి తెరిచి, వదులు చేసి, మళ్ళీ మూశారు.

ఇంగ్లండులోని స్విండన్ ఊళ్ళో ఒక కంపెనీలో యంత్రభాగాలను బిగించి, ఊపి, విరిగేదాకా పరీక్షించడం రుచిత ఉద్యోగం. ఏది దానంతటదే వదులవుతుందో, ఏది కాదో ఆమెకు తెలుసు.

ఆ అడవి హెలెన్ అనే రైతుది. భర్త పోయాక పొలం చూసుకుంటూ, ఊరికి దూరంగా ఉన్న బీడులో వేల మొక్కలు నాటించింది. ఆ మొక్కల లేత చిగుళ్ళను జింకలు మిగలనివ్వవు. వాటిని తినే పులి గానీ తోడేలు గానీ ఈ దేశంలో లేవు కనుక, లైసెన్సు ఉన్న మనుషులు సీజన్‌లో కొన్నింటిని కాల్చి మందను అదుపులో ఉంచాలి. ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషి మల్లికార్జున, నంద్యాల ఆయన. రిటైరయ్యాక వారానికి రెండు మూడు సార్లు అక్కడే గడిపేవాడు. తెలుగువాళ్ళ ఉగాది భోజనాల్లో రుచిత పరిచయమైంది. మంచిర్యాల దగ్గర తాతగారి మక్కచేలో అడవిపందుల కాపలా మంచె మీద కూర్చున్న చిన్నతనం గురించి ఆమె చెబితే, "నాకూ ఒకటుందిమ్మా మంచె, రా చూపిస్తా" అన్నాడు. అలా మొదలైంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని హై సీట్ అంటారు. వీళ్ళిద్దరికీ మాత్రం అది మంచె. పరీక్షలూ, పోలీసువాళ్ళ విచారణా అయి రుచితకు లైసెన్సు వచ్చింది. పోయిన శరదృతువులో హెలెన్ ఆ అడవి బాధ్యతను రుచిత పేరు మీదికి మార్చింది. "మంచిదే కదమ్మా, నాకు మోకాళ్ళు నొప్పులు. ఇంక ఎక్కలేను" అన్నాడు మల్లికార్జున. అన్నది నవ్వుతూనే.

కిందికి దిగగానే ఆయనకు ఫోన్ చేసింది.

"అంకుల్, మంచె జరిగింది. పై పట్టీ వదులుంది."

"దెబ్బేమైనా తగిలిందా?"

"లేదు. చెంపకు గీరుకుంది అంతే. ఎవరో విప్పిన్రు."

"ఎవరు విప్పుతారమ్మా? వానలకు తడిసి సాగింటాదిలే."

"అరచెయ్యి దూరేంత సాగదంకుల్. నేనే బిగించిన, తీగలెక్క మోగింది."

"సరే, ఈసారి ఇంకా గట్టిగా బిగించు. ఎక్కేముందు ఒకసారి ఊపి చూడు" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

రుచితకు మొదట తట్టిన పేరు జూడిత్. అడవి అంచున ఉన్న ఇంట్లో ఒంటరిగా ఉంటుంది, కుంటుకుంటూ నడిచే ముసలి కుక్కను రోజూ హెలెన్ దొడ్డి గేటు గుండా అడవిలోకి తిప్పుతుంది. వేట అంటే ఆమెకు పడదు. ఒకసారి మంచె కింద నిలబడి, తల పైకెత్తి, "నీ సింహాసనం ఏదో ఒకరోజు కూలుతుంది చూడు" అని పోయింది. అప్పుడు రుచిత నవ్వి ఊరుకుంది. ఇప్పుడు ఆ మాట పదే పదే గుర్తొచ్చింది.

హెలెన్‌తో చెప్పింది. ఆధారం లేదని కూడా చెప్పింది గానీ, ఆ మాట చివర్లో, మెల్లిగా చెప్పింది. హెలెన్ ముఖం ఎర్రబడింది. "నా పొలంలో మనిషి పడి చస్తే ఎవరిది పూచీ?" అని మర్నాడే గేటుకు తాళం వేయించింది. జూడిత్ ఆ ముసలి కుక్కతో రోడ్డెంబడి చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. కార్లో పోతూ రుచిత ఆమెను చూసింది. చెయ్యి ఊపబోయి మానేసింది.

తాళం పడ్డాక రుచిత పట్టీని మళ్ళీ బిగించి, ఆఫీసులో చేసినట్టే ఒక గుర్తు పెట్టింది. పట్టీ పిడిలోకి దూరే చోట, సగం పట్టీ మీదా సగం ఇనుము మీదా పడేలా ఎర్ర గోళ్ళరంగుతో ఒక గీత. రంగు కూతురు సాత్వికది. "మమ్, దట్స్ మైన్!" అని అది గొణిగింది.

మళ్ళీ శనివారం పోయేసరికి గీత రెండు ముక్కలైంది. ఇనుము మీది సగం అక్కడే ఉంది, పట్టీ మీది సగం బెత్తెడు దూరంలో ఉంది. గేటు తాళం వేసినట్టే ఉంది.

చెట్ల మధ్య నిలబడి ఆమె నాలుగు వైపులా చూసింది. అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు. ప్రతి పొదా ఎవరినో దాచిపెట్టినట్టు కనిపించింది. ఆరోజు మంచె ఎక్కలేదు. ఇంటికి వస్తుంటే ఒక ఆలోచన వద్దన్నా వెంట వచ్చింది. ఆ గేటుకు తాళంచెవి ఉన్నది ముగ్గురి దగ్గరే. హెలెన్, తను, మల్లికార్జున అంకుల్.

ఛీ, అనుకుంది.

ఆ ఆదివారం మల్లికార్జున భార్య సులోచన ఆంటీ భోజనానికి పిలిచింది. రాగిసంగటి, నాటుకోడి పులుసు. ఆంటీ వంట అంటే రుచిత భర్త మనీష్ రెండు రోజుల ముందు నుంచే ఆకలి దాచుకుంటాడు. అందరూ కూర్చున్నాక రుచిత చూసింది. మల్లికార్జున సంగటిని చెంచాతో తింటున్నాడు. ఎడమచెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"అంకుల్, సంగటి చెంచాతోనా?" అన్నాడు మనీష్ నవ్వుతూ.

"వేలు తెగింది" అన్నాడాయన.

చెంచా పట్టుకున్న చేతికి ఏ వేలికీ కట్టు లేదు. తెగిన గీత కూడా లేదు. రుచిత తల వంచుకుని తన పళ్ళెం చూసుకుంది. ఇంత చిన్న విషయానికి అబద్ధమెందుకు?

సులోచన పులుసు వడ్డిస్తూ, "బుధవారమొస్తే చాలు, పొద్దున్నే ఆ అడవికి పోతాడు మీ అంకుల్. చలి లేదు, వాన లేదు. నువ్వూ ఉంటావు కదా తోడుగా, అని నేనేమీ అనను" అంది.

రుచిత చేతిలో ముద్ద ఆగింది. బుధవారాలు ఆమె ఆఫీసులో ఉంటుంది. ఎక్కలేను, మోకాళ్ళు నొప్పులు అని ఆయనే కదా చెప్పింది?

మల్లికార్జున తల ఎత్తలేదు. "ఊరికే కంచె చూసొస్తాండా. అంతే" అన్నాడు.

తిరిగి వస్తుంటే కార్లో మనీష్ అన్నాడు: "అడవి నీ పేరు మీదికి మారిందని లోపల మండుతుందేమో ఆయనకు."

"అంకుల్ అట్లాంటోడు కాదు."

"కాదని నువ్వే అంటవ్. మరి నీకు చెప్పకుండ ఎందుకు వోతుండు?"

ఈమధ్య ఆయన మెసేజీలు టైపు చెయ్యడం మానేసి, అన్నీ గొంతుతో పంపుతున్నాడు. కలిసినప్పుడు చేతులు కోటు జేబుల్లోంచి తీయడు. టీ ఇస్తే కప్పు సగమే నింపమంటాడు. మనిషిని ఒకసారి అనుమానించడం మొదలుపెడితే ఆయన కూర్చున్నా తప్పే, లేచినా తప్పే. అది తెలిసి కూడా ఆమె ఒక్కొక్కటీ పోగేసుకుంటూ పోయింది.

బుధవారం సెలవు పెట్టింది. కారును చర్చి పక్కన ఆపి, వెనక వైపు కంచె దాటి అడవిలోకి నడిచి, ఓక్ చెట్టు కనబడే చోట ముళ్ళ ఆకుల హాలీ పొద వెనక నిలబడింది. నేల మీద మంచు గట్టిపడి ఉంది. ఇరవై ఏళ్ళ అనుభవమున్న మనిషిని, తనకు తుపాకీ పట్టడం నేర్పినవాణ్ణి, జింక కోసం కాచినట్టు కాస్తున్నానని ఆమెకు సిగ్గుగానే ఉంది. అయినా ఫోన్ తీసి వీడియోకు సిద్ధంగా పట్టుకుంది.

ఆయన వచ్చాడు. చేతికర్ర చెట్టుకు ఆనించాడు. నిచ్చెనను రెండుసార్లు ఊపి, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాడు. నడుముకు బెల్టు లేదు. పైకి చేరి, పలక కింద చెయ్యి పెట్టి, పై పట్టీ పిడిని టక్కుమని తెరిచాడు. పట్టీ జారి వేలాడింది.

'ఈయనే. ఇన్నాళ్ళూ ఈయనే' అనుకుంది రుచిత. అరవబోయింది. పైనున్న మనిషి ఉలిక్కిపడి పడిపోతాడన్న భయం ఆమె నోరు నొక్కింది.

మల్లికార్జున జేబులోంచి గుడ్డ తీసి పట్టీని కొస నుంచి కొస దాకా తుడిచాడు. బెరడు మీద అది ఒరుసుకున్న చోటును దగ్గరగా చూశాడు. తర్వాత పట్టీని పిడిలోకి దూర్చి లాగడం మొదలుపెట్టాడు. అప్పుడు కనిపించింది ఆమెకు. ఎడమచెయ్యి వణుకుతోంది. చలికి వణికే వణుకు కాదు. చెయ్యి తనది కానట్టు, దాని పాటికది ఆడుతోంది. పట్టీ కొస రెండుసార్లు వేళ్ళ నుంచి జారింది. మూడోసారి పళ్ళతో పట్టుకున్నాడు. పిడిని ఆడించడానికి కుడిచేతికీ బలం చాలక మోచేతితో నొక్కాడు. టక్. చాలాసేపటికి మరో టక్. నుదురు మానుకు ఆనించి ఊపిరి తీసుకున్నాడు. ఇంకోసారి నొక్కి, పిడి మూసి, మెల్లిగా దిగొచ్చాడు. నిచ్చెనను ఊపి చూసి, "ఊఁ" అని తృప్తిగా తలాడించాడు.

ఆమె ఎప్పుడో ఫోన్ దించేసింది. పొద వెనక నుంచి బయటికి వచ్చింది.

"ఏందమ్మా, ఆఫీసు లేదా?" అన్నాడాయన. చేతులు వెంటనే జేబుల్లోకి పోయాయి.

"పట్టీ ఎందుకు విప్పిన్రు అంకుల్?"

"చూసేదానికి. తడికి మట్టి పడుతుంది. విప్పి, తుడిచి, మళ్ళా బిగించాల. నేర్పినా కదా నీకు. నువ్వు పనిలో పడి మర్చిపోతావని వారం వారం వచ్చి చూసి పోతాండా. మొన్న జరిగింది అన్నావు కదా, అప్పటినుంచి ఇంకా జాగ్రత్తగా చూస్తాండా."

"మళ్ళ బిగించిన్రా?"

"చూస్తివి కదా."

ఆమె వెంట తెచ్చుకున్న బెల్టు తగిలించుకుని పైకి ఎక్కింది. పట్టీకీ మానుకూ మధ్య అరచెయ్యి దూర్చింది. దూరింది. మణికట్టు దాకా పోయింది. ఆ చేతిని అలాగే ఉంచి కిందికి చూసింది. ఆయన పైకి చూశాడు. పట్టీ వెనక నుంచి బయటికి వచ్చిన ఆమె వేళ్ళను చూశాడు.

అడవిలో ఎక్కడో పావురం రెక్కలు కొట్టుకుంది. మల్లికార్జున పక్కనున్న మొద్దు మీద కూలబడ్డాడు.

ఆమె దిగి వచ్చేదాకా ఆయన తలెత్తలేదు. "నేనేనా?" అన్నాడు. "నిన్ను పడెయ్యబోయింది నేనేనా?"

"ఎప్పటినుంచి అంకుల్, ఈ వణుకు?"

"దసరా నుంచి. చెయ్యి నా మాట వినడంల్యా." జేబులోంచి చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నవంబరులో ఒక జింకకు గురి తప్పింది. కాలికి తగిలింది. పొద్దు మునిగేదాకా వెతికి దాని కష్టం తీర్చినా. అంతే, మళ్ళా రైఫిల్ ముట్టలేదు. మోకాళ్ళ నొప్పి అని చెప్పినా అందరికీ."

"ఆంటీకి?"

"తెలీదు."

"జీపీ డాక్టరు దగ్గరకు వోయిన్రా?"

"పోతే రాసుకుంటారు కదమ్మా. రైఫిల్ తీసుకుంటారు. కారు తీసుకుంటారు. ఇంక నాకేముంటాది?"

రుచితకు జాలి వేసింది. జాలి వెనకే కోపం వచ్చింది. "నేను పడి సచ్చేదాన్ని అంకుల్. ఏ పాపం ఎరుగని ఆమెను దొంగను చేసిన. మీరు మొదలే ఒక్క మాట చెప్తే!"

"చెప్తా. ఒక నెల ఆగు. సీజన్ అయిపోనీ. నేనే అందరికీ చెప్తా."

"ఒక్క దినం గూడ ఆగను. ఇయ్యాల ఆంటీకి చెప్పాలె. రైఫిల్ ఇయ్యాల్నే ఇంట్ల నుంచి పోవాలె. మీరు చెప్పకపోతే నేను చెప్త."

ఆయన ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నా మీద అంత నమ్మకం లేదా?"

లేదంటే ఆయన ఎంత నొచ్చుకుంటాడో ఆమెకు తెలుసు. "లేదంకుల్" అంది.

ఆయన కారు ముందు, ఆమె కారు వెనక. దారి పొడుగునా ఆమె కళ్ళు ఆ కారు చక్రాల మీదే ఉన్నాయి, తెల్లగీత దాటుతాయేమోనని. దాటలేదు.

ఆ సాయంత్రం లోపలే లైసెన్సున్న తుపాకుల వ్యాపారి వచ్చి రైఫిల్ పట్టుకుపోయాడు. పోలీసులకు మల్లికార్జునే ఫోన్ చేశాడు. జీపీ డాక్టరుకు చూపించుకుంటే, అక్కడినుంచి పెద్దాసుపత్రికి పంపారు. పార్కిన్సన్స్ అన్నారు. మందులకు వణుకు కొంత తగ్గుతుంది గానీ బలం పూర్తిగా రాదన్నారు. కారు సంగతి తేలేదాకా నడపవద్దన్నారు. సులోచన ఏడ్చింది, మొగుణ్ణి తిట్టింది, ఆ తర్వాత రుచితకు ఫోన్ చెయ్యడం మానేసింది. రుచిత చేస్తే ఎత్తేది కాదు. ఇంతకాలం కళ్ళ ముందున్నది తనకు కనబడలేదని, వేరేవాళ్ళు చెప్తే తెలిసిందని ఆంటీ బాధ. ఆ బాధకు రుచిత దగ్గర మందు లేదు.

హెలెన్‌కు జరిగింది చెప్పి గేటు తాళం తీయించాక, రుచిత జూడిత్ ఇంటికి పోయింది. జూడిత్ తలుపు సగమే తెరిచింది. కుక్క ఆమె కాళ్ళ వెనక పడుకుని ఉంది.

"తప్పు నాది. మీరు కాదని ఇప్పుడు తెలిసింది. క్షమించండి" అంది రుచిత ఇంగ్లీషులో.

"నన్ను ఒక్కసారి అడిగుంటే సరిపోయేది" అంది జూడిత్. "నాకు మీ పని నచ్చదు. నచ్చదని మీ ముఖం మీదే చెప్పాను. ముఖం మీద చెప్పేవాళ్ళు వెనక నుంచి పట్టీలు విప్పరమ్మా."

"గేటు తెరిచారు. మీరు మళ్ళీ అటునుంచే పోవచ్చు."

"చూస్తాను" అని ఆమె తలుపు మూసింది. కోపంగా కాదు, మామూలుగానే మూసింది. రుచితను అదే ఎక్కువ నొప్పించింది. జూడిత్ మళ్ళీ ఆ గేటు గుండా పోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

వసంతం వచ్చింది. జింకలు దారి మార్చుకున్నాయి, మంచెను వాగు పక్కనున్న యాష్ చెట్టుకు మార్చాలంది హెలెన్. ఒక్కరితో అయ్యే పని కాదు. కింద ఒకరు నిచ్చెనను కదలకుండా పట్టుకుంటే, పైన ఇంకొకరు ఎక్కి పట్టీ చుట్టాలి. మనీష్ వస్తానన్నాడు. కానీ ఆ శనివారం పొద్దున అతనికి జ్వరం. పని వాయిదా వేద్దామనుకుంటూనే రుచిత పనిముట్లు తెచ్చుకుందామని అడవికి పోయింది.

గేటు దగ్గర సులోచన కారు ఆగి ఉంది. మల్లికార్జున బయట నిలబడి ఉన్నాడు.

"మనీష్ ఫోన్ చేసినాడు. మనిషి కావాలంట కదా" అన్నాడు.

సులోచన కారు దిగలేదు. కిటికీ అద్దం దించి, "మధ్యాహ్నం వచ్చి తీస్కపోతా. ఆయన్ని ఎక్కనియ్యొద్దు" అంది. కొంచెం ఆగి, "నువ్వు తిన్నావా?" అని అడిగింది. ఇన్నాళ్ళ తర్వాత ఆమె నోట రుచిత విన్న మొదటి మాటలవి.

ఇద్దరూ యాష్ చెట్టు దాకా మెల్లిగా నడిచారు. దారిలో ఆయన అన్నాడు: "నేనూ నిన్ను అనుమానించినా, తెలుసా? ఎర్ర గీత చూసినా ఆరోజు. ఈ పిల్ల నన్ను పట్టుకునేదానికి గుర్తు పెట్టింది, అడవి తన పేరు మీద పడినాక నేను అక్కరలేకపోతినే అనుకున్నా."

"గీత చూసి గూడ విప్పిన్రా?"

"పట్టీ చూడాల కదా మరి. నువ్వెక్కే మంచె."

హెలెన్ ముందే అక్కడికి చేర్పించిన మంచె నిచ్చెనను ఆమె చెట్టుకు ఆనించి, కాళ్ళు నేలలో దిగేలా తొక్కింది. ఆయన చేతుల వైపు ఒక్కసారి చూసింది, చూడనట్టు చూసింది. ఆయన గమనించాడు.

"చేతులతో పట్టుకోనులేమ్మా" అన్నాడు. నిచ్చెన అడుగు మెట్టు మీదికి రెండు కాళ్ళతో ఎక్కి, చెట్టు వైపు ఒరిగి, తన బరువంతా దాని మీద వేసి నిలబడ్డాడు. నిచ్చెన నేలలోకి ఇంకో వేలెడు దిగింది. "ఊపు, చూడు."

రుచిత రెండు చేతులా పట్టుకుని ఊపింది. కదల్లేదు. ఇంకోసారి, ఒంట్లో బలమంతా పెట్టి ఊపింది.

"నమ్మకం కుదిరిందా?"

"ఆగుండ్రి" అని ఆమె మూడోసారి కూడా ఊపి చూసింది. తర్వాత నడుముకు బెల్టు తగిలించుకుని, పట్టీ భుజాన వేసుకుని, ఆయన పక్కనుంచి పైకి ఎక్కింది.